డబ్బాలో చెయ్యి పెట్టకు బిడ్డా

అమెరికా నుంచి పిల్లలతో హైదరాబాద్ తిరిగొచ్చేవాళ్లు నన్ను ముందుగా అడిగేది సిలబస్ గురించే. అక్కడ టెన్త్ గ్రేడ్ చదివిన పిల్ల ఇక్కడ ఇంటర్‌లో తట్టుకోగలదా అని. మా అమ్మాయి ఫ్రీమాంట్‌లో టెన్త్ గ్రేడ్ పూర్తిచేసి ఇక్కడ ఎంపీసీలో చేరింది. కెమిస్ట్రీ మట్టుకు నేను చూసింది చెప్తాను: పాఠాల్లో అంత తేడా లేదు. పాఠాన్ని పట్టుకునే పద్ధతే వేరు, పిల్లలు నలిగిపోయేదీ అక్కడే.

ఎలక్ట్రాన్ చుక్కల బొమ్మలే తీసుకోండి. నీరు, అమ్మోనియా, మీథేన్ లాంటి చిన్న అణువుల్లో ఏ పరమాణువు దగ్గర ఎన్ని వేలన్సీ ఎలక్ట్రాన్లు (అన్నిటికన్నా బయటి కక్ష్యలోవి) ఉన్నాయి, వాటిలో ఏవి ఉమ్మడివి, ఏవి సొంతానికి మిగిలాయి అన్నది చుక్కలతో చూపిస్తాం. గిల్బర్ట్ లూయిస్ 1916లో ఈ ఆలోచనను అచ్చువేసినప్పుడు బర్కిలీలో ప్రొఫెసర్. మేమున్న ఊరికి దగ్గరే కాబట్టి మా అమ్మాయికి ఆయన సొంత ఊరి మనిషి లెక్క.

అక్కడి టీచరు మొత్తం ఎలక్ట్రాన్ల లెక్క పేజీ పైన రాయించేవారు. తర్వాత మధ్యలో ఏ పరమాణువు, జంటలు ఎక్కడెక్కడ, ఎందుకు అని ఒక్కో మెట్టూ రాయాలి. ఇక్కడ క్లాసులో మొదటి వారమే షార్ట్‌కట్ వచ్చేసింది. ఒక్కో పరమాణువు నిండటానికి కావలసినవి (హైడ్రోజన్‌కి 2, మిగతావాటికి 8) కూడి, ఉన్నవి తీసేసి, రెండుతో భాగిస్తే బంధాల సంఖ్య, ఒక ఉమ్మడి జంట అంటే ఒక బంధం కాబట్టి. కార్బన్ డయాక్సైడ్‌కి కావలసినవి 24, ఉన్నవి 16, తేడా 8, బంధాలు 4. అయిపోయింది. లెక్చరర్‌ని తప్పుపట్టను. ఎప్‌సెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, ఒక్కోదానికి నిమిషం పైన కొన్ని సెకన్లే దొరుకుతాయి. అందులో ఒక్కో మెట్టూ రాస్తూ కూర్చునే తీరిక ఎవరికుంది?

కానీ పిల్ల మనసులో ఇంకోటి నాటుకుంది. "అమ్మా, నేను స్లో. అందరికీ ఆన్సర్ వచ్చేసరికి నేనింకా లెక్కపెడుతూనే ఉంటా" అంది ఒకరోజు. పిల్ల తను నేర్చుకున్న పద్ధతినే చిన్నచూపు చూడటం మొదలుపెడితే, ఏ కోచింగూ దాన్ని సరిచేయలేదు. నాకు నిజంగా భయమేసింది.

మా మామయ్య నల్లగొండ వైపు జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్స్ చెప్పి రిటైరయ్యారు, ఇప్పుడు వనస్థలిపురంలో ఉంటారు. ఒక ఆదివారం మేం వెళ్లినప్పుడు మనవరాలి పుస్తకం చూసి, వంటింట్లోంచి రెండు డబ్బాలు తెచ్చుకున్నారు. కార్బన్‌కి నాలుగు శనగలు, అటూ ఇటూ ఆక్సిజన్లకు ఆరేసి చింతగింజలు. మొత్తం పదహారు. కార్బన్‌కీ ఒక్కో ఆక్సిజన్‌కీ మధ్య ఒక శనగ, ఒక చింతగింజ జరిపించారు. ఇప్పుడు లెక్కపెట్టమన్నారు. కార్బన్ చుట్టూ ఆరు, ఆక్సిజన్ చుట్టూ ఏడు. తక్కువయ్యాయని పిల్ల డబ్బా వైపు చెయ్యి చాచింది.

"డబ్బాల చెయ్యి పెట్టకు బిడ్డా. పదహారే ఉన్నయి. ఉన్నవాటినే జరుపు."

కాసేపు చూసింది. కార్బన్ దగ్గర మిగిలిన రెండు శనగలను చెరో పక్కకీ, ఆక్సిజన్ల దగ్గర ఒంటరిగా ఉన్న చింతగింజలను మధ్యలోకీ తోసింది. రెండు పక్కలా జంట బంధాలు (రెండేసి ఉమ్మడి జంటలు), మూడింటికీ ఎనిమిదేసి. ఈ బొమ్మల్లో పిల్లలు ఎక్కువగా చేసే తప్పు ఇదే, ఎనిమిది నింపడానికి లేని ఎలక్ట్రాన్లు తెచ్చి పెట్టేయడం. కాగితం మీద చుక్క పెట్టడానికి ఖర్చేముంది? గింజలతో అలా కుదరదు.

మన పుస్తకాల్లో ఒకదానికి చుక్క, ఇంకోదానికి క్రాస్ పెట్టేదీ ఇందుకే, ఏ ఎలక్ట్రాన్ ఎక్కణ్నుంచి వచ్చిందో కనిపించడానికి. అమ్మోనియా, ఎలక్ట్రానే లేని హైడ్రోజన్ అయాన్‌తో కలిసి అమ్మోనియం అయ్యేటప్పుడు ఆ కొత్త బంధంలోని రెండూ నైట్రోజన్ ఇచ్చినవే అని అలా గీస్తే ఇట్టే తెలుస్తుంది. బంధం ఏర్పడ్డాక మాత్రం నాలుగు బంధాలూ ఒకటే, ఎలక్ట్రాన్లకు గుర్తులుండవు. అమెరికాలో అన్నిటికీ చుక్కలే పెట్టించినా తప్పులేదన్నమాట.

ఆ తర్వాత షార్ట్‌కట్ అంటే పిల్లకి బెదురు పోయింది, దాన్నే పరీక్షించడం మొదలుపెట్టింది. నైట్రిక్ ఆక్సైడ్ (ఒక నైట్రోజన్, ఒక ఆక్సిజన్) తీసుకుంది. కావలసినవి 16, ఉన్నవి 11, తేడా 5.

"తాతా, రెండున్నర బంధమా?"

"చుక్కలతోని గది గీయరాదు బిడ్డా" అన్నారాయన. నిజమే, పదకొండు బేసి సంఖ్య, జంట బంధం గీశాక నైట్రోజన్ మీద ఒకటి ఒంటరిగా మిగులుతుంది. విచిత్రం ఏంటంటే, అదే పాఠం చివర్లో అణు ఆర్బిటాల్ సిద్ధాంతంతో (ఎలక్ట్రాన్లు అణువంతటా పరుచుకుంటాయని చూసే పద్ధతి) లెక్కేస్తే దాని బంధ క్రమం, అంటే బంధాల లెక్క, సరిగ్గా 2.5. అలాగని షార్ట్‌కట్‌ని గుడ్డిగా నమ్మడానికీ లేదు. బోరాన్ ట్రైఫ్లోరైడ్‌కి అది నాలుగు బంధాలంటుంది, మనం మామూలుగా గీసేవి మూడే, బోరాన్ చుట్టూ ఆరు ఎలక్ట్రాన్లతో. చుక్కల బొమ్మకీ హద్దుంది. ఆక్సిజన్‌లో అన్నీ జంటలే అని చూపిస్తుంది, కానీ ద్రవ ఆక్సిజన్ అయస్కాంతానికి అతుక్కుంటుంది, ఎందుకంటే అందులో రెండు ఒంటరి ఎలక్ట్రాన్లున్నాయి. ఇదంతా మా అమ్మాయి లెక్చరర్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన సంతోషంగా బోర్డు మీద వేసి క్లాసంతటికీ చూపించారట.

ఇప్పుడు మల్టిపుల్ చాయిస్ అయితే షార్ట్‌కట్, బోర్డు పరీక్షకి రాసేదైతే మెట్లన్నీ రాస్తోంది. తిరిగొచ్చే వాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. సామాను బరువని అక్కడి కెమిస్ట్రీ నోట్సు పారేయకండి. ఇక్కడ చేరిన మొదటి నెలల్లో టెన్షన్ పడే పిల్ల ముందు ఆ నోట్సూ, ఇక్కడి పుస్తకమూ పక్కపక్కన తెరిచి, ఒకే అణువుని రెండు రకాలుగా గీయించండి. నీటితో మొదలుపెట్టండి, ఎనిమిది గింజలు చాలు.