కనెల్లి నేలమాళిగల్లో మోస్కాటో

ఇటలీలో టొరినో పాలిటెక్నిక్‌లో చదువుతున్న మా అక్క కొడుకుది ఒకటే పోరు: "పిన్నీ, పియెమొంటే దాకా వచ్చి బరోలో రెడ్ వైను తాగకుండా వెళ్తావా?" సరే, అదీ చూద్దాం, ముందు నన్ను మోస్కాటో అనే తీపి వైను చేసే కనెల్లి ఊరికి తీసుకెళ్ళరా అన్నాను. అస్తి దాకా రైలు, అక్కణ్ణించి కారు. దారికి రెండు పక్కలా కొండల నిండా ద్రాక్షతోటలే.

1865లో కార్లో గాంచా ఇటలీ మొదటి నురగ వైను చేసింది ఈ ఊళ్ళోనే. ఊరి కింద తవ్విన నేలమాళిగలు చర్చి హాళ్ళంత ఎత్తు. చుట్టుపక్కల తోటలతో కలిపి వీటికి 2014లో యునెస్కో గుర్తింపు వచ్చింది. లోపలికి దిగితే ఎండాకాలంలోనూ శాలువా కావాలి.

మోస్కాటో ద్రాక్షరసాన్ని సున్నా డిగ్రీల దాకా చల్లబరిచి నిలవుంచుతారట. కావలసినప్పుడు మూతేసిన స్టీలు ట్యాంకుల్లో పులియబెట్టి, ఆల్కహాలు 5 శాతం చేరగానే మళ్ళీ చల్లార్చి వడగట్టేస్తారు. ఈస్టు తినగా మిగిలిన ద్రాక్ష చక్కెరే ఆ తీపి. బయటికి పోలేని గ్యాసే ఆ బుడగలు. మోస్కాటో ద'అస్తి అనే ఈ రకంలో నురగ తక్కువ కాబట్టి బిరడాకి తీగ కట్టరు. మామూలు కార్కే, తీస్తే టప్పుమనదు, ఉస్సుమంటుంది. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే పీచ్ పండు, నారింజ పువ్వు.

పక్కన హేజల్‌నట్ కేకు పెట్టారు. పొడిపొడిగా, తీపి అంతంతమాత్రం. కావాలనే అలా చేస్తారు. తినేది వైను కన్నా తియ్యగా ఉంటే వైను పుల్లబడిపోతుంది. మన జిలేబీ పక్కన ఇది నిలవదు. తర్వాత పోసిన బ్రాకెట్టో ద'అక్వీ లేత ఎరుపు, గులాబీ వాసన. దానికి స్ట్రాబెర్రీలు, చాక్లెట్ జత. నాకు మోస్కాటోయే నచ్చింది.

రాత్రి మావాడి బరోలో. వెన్నలో తిప్పిన తాయరిన్ అనే సన్నటి గుడ్డు నూడుల్స్‌తో బాగానే ఉంది. నోరు పిడచగట్టించే ఆ వగరుని వెన్న, జున్ను సర్దేస్తాయి. వండిన మాంసం కూరిన చిన్న పాస్తా, అన్యొలొట్టి మాత్రం వద్దన్నాను. పులుపెక్కువ, వగరు తక్కువ ఉన్న బార్బెరా అనే రెడ్ వైను అయితే సామాన్యమైన భోజనానికి ఇంకా నప్పుతుంది, ధరా తక్కువే.

అసలు పరీక్ష మర్నాడు మావాడి గదిలో పెట్టాను. వాడి దగ్గర గుంటూరు ఆవకాయ సీసా ఉంది. ఆవకాయన్నం మీద బరోలో గుక్కేస్తే మంట రెట్టింపైంది. 14 శాతం ఆల్కహాలు, ఆ వగరు, రెండూ కారాన్ని ఎగదోసేవే. చల్లటి మోస్కాటో తాగితే చప్పున దిగింది. ఇక్కడివాళ్ళు దాన్ని క్రిస్మస్ కేకుకే పరిమితం చేశారు గానీ, నన్నడిగితే కారం తినేవాళ్ళ వైను అదే. కొనేటప్పుడు లేబుల్ మీద సంవత్సరం చూసుకోండి. బరోలోలా ఏళ్ళతరబడి దాచేది కాదది, ఏడాది రెండేళ్ళలో తాగెయ్యాలి.