బెల్లింగ్‌హామ్ దాకా, హిరో యమమోటో కోసం

అమెరికాలో సియాటిల్ పక్కనున్న రెడ్మండ్‌కి వచ్చి ఏడేళ్ళయింది. సౌండ్‌గార్డెన్ అనే సియాటిల్ రాక్ బ్యాండుకి ఆ పేరు ఏ శిల్పం వల్ల వచ్చిందో అది మా ఇంటికి అరగంట దూరంలోనే ఉందని తెలిసినా ఇన్నాళ్ళూ వెళ్ళలేదు. 2025 నవంబరులో ఆ బ్యాండుని, రాక్ సంగీతంలో గొప్పవాళ్ళని గౌరవించే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నప్పుడు, మిగతావాళ్ళతో పాటు హిరో యమమోటో పేరు కూడా పిలిచారు. ఆయన ఆ బ్యాండుకి మొదటి బేస్ గిటారిస్టు (బేస్ అంటే కింది స్వరాలు పలికే గిటారు), 1989లోనే వదిలేసి వెళ్ళిపోయిన మనిషి. ఆ రాత్రే అనుకున్నాను, చలి తగ్గాక ఒక రోజు ఆయన కోసమే బయల్దేరాలని.

ఏప్రిల్ మొదట్లో ఒక శుక్రవారం సెలవు పెట్టాను. ఆ శిల్పం ఉన్నది సముద్ర వాతావరణ పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ ప్రాంగణంలో, శని ఆదివారాల్లో లోపలికి పంపరు. మా అన్నయ్య కొడుకు ఇక్కడే ఎమ్మెస్ చేస్తున్నాడు, వాడూ వస్తానన్నాడు. పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుని, 520 వంతెన దాటి సాండ్ పాయింట్ చేరాం. గేటు దగ్గర ఐడీలు చూపించి చెరువు గట్టు వెంట నడుస్తూ వెళ్ళాం. ఇక్కడ చెరువు అంటే లేక్ వాషింగ్టన్, అవతలి ఒడ్డున మా వైపు ఊళ్ళు కనిపిస్తుంటాయి.

శిల్పి డగ్లస్ హోలిస్, కట్టింది 1980ల మొదట్లో. పన్నెండు ఉక్కు స్తంభాలు, ఒక్కోటి ఇరవై అడుగుల పైనే, ప్రతిదాని తల మీదా ఆర్గన్ గొట్టం, దాన్ని గాలి వైపు తిప్పడానికి ఒక రెక్క. మేం వెళ్ళేసరికి గాలి లేదు, పది నిమిషాలు బెంచీ మీద ఊరికే కూర్చున్నాం. తర్వాత నీళ్ళ మీద ముడతలు కనబడ్డాయి, రెక్కలు ఒక్కొక్కటే కిర్రుమంటూ తిరిగాయి, అప్పుడు వినిపించింది. శంఖం ఊదే మనిషికి ఊపిరి చాలక మధ్యలో ఆపి మళ్ళీ అందుకున్నట్టు ఉంటుంది. ఒక గొట్టం మొదలుపెడితే ఇంకోటి దానికంటే కాస్త కింది స్వరంలో కలుస్తుంది. స్తంభానికి అరచెయ్యి ఆనిస్తే ఆ అదురు మణికట్టు దాకా వచ్చింది. నాకైతే అది బేస్ గిటారు శబ్దమే, చెవికంటే ముందు ఒంటికి తెలిసేది.

కాకినాడలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు మా హాస్టల్ బ్యాండులో నేను బేస్ వాయించేవాణ్ణి. మూడో ఏడాదిలో గేట్ పరీక్ష కోసమని గిటారు అమ్మేశాను. అందుకే హిరో కథ దొరికిన రోజు నుంచీ నన్ను వదల్లేదు.

ఐ-5 హైవే ఎక్కి ఉత్తరం వైపు వెళ్తుంటే వాడికి మొదటి నుంచీ చెప్పుకొచ్చాను. చికాగో దగ్గర పార్క్ ఫారెస్ట్ అనే ఊళ్ళో కిమ్ థాయిల్, హిరో యమమోటో స్నేహితులు. థాయిల్ అమ్మానాన్నలు కేరళ నుంచి వచ్చినవాళ్ళు. తర్వాత సబ్ పాప్ రికార్డు కంపెనీ పెట్టిన బ్రూస్ పావిట్‌దీ ఆ ఊరే. 1980ల మొదట్లో థాయిల్, హిరో వాషింగ్టన్ రాష్ట్రానికి తరలివచ్చారు. ఇక్కడ హిరోకి క్రిస్ కోర్నెల్ తోడయ్యాడు, 1984లో ముగ్గురూ కలిసి సౌండ్‌గార్డెన్ మొదలుపెట్టారు. మొదట్లో కోర్నెల్ డ్రమ్స్ వాయిస్తూనే పాడేవాడు. 1987లో సబ్ పాప్ నుంచి చిన్న రికార్డు, 1988లో అల్ట్రామెగా ఓకే అనే ఆల్బమ్, దానికి గ్రామీ నామినేషన్. 1989లో పెద్ద కంపెనీ ఎ అండ్ ఎమ్ నుంచి లౌడర్ దాన్ లవ్. నిర్వాణా బ్యాండు పేరు ఇంకా బయటి ప్రపంచానికి పెద్దగా తెలియని రోజులవి. సరిగ్గా అప్పుడే హిరో చదువుకుంటానని వెళ్ళిపోయాడు.

"ఇంకో అయిదేళ్ళు ఆగితే స్టార్ అయిపోయేవాడు కదా బాబాయ్" అన్నాడు మావాడు.

నిజమే, అయిదేళ్ళకి, అంటే 1994లో, వాళ్ళ ఆల్బమ్ సూపర్అన్‌నోన్ అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో నేరుగా ఒకటో స్థానంలో దిగింది. హిరో చోటులోకి ముందు జేసన్ ఎవర్‌మన్ వచ్చాడు (నిర్వాణాలో కొన్నాళ్ళు ఉండి వచ్చిన ఇతను తర్వాత సైన్యంలో చేరి స్పెషల్ ఫోర్సెస్ దాకా వెళ్ళాడు, అదింకో కథ), 1990లో బెన్ షెపర్డ్ వచ్చి స్థిరపడ్డాడు. అందరూ హిరో గురించి మాట్లాడితే ఈ లెక్కే వేస్తారు, ఎంత పోగొట్టుకున్నాడో అని. నాకు ఆ లెక్క నచ్చదు. ఆయన వెస్టర్న్ వాషింగ్టన్ యూనివర్సిటీలో ఫిజికల్ కెమిస్ట్రీలో మాస్టర్స్ చేశాడు, పైగా సంగీతం వదిలేశాడా అంటే అదీ లేదు. రాబర్ట్ రోత్, స్క్రీమింగ్ ట్రీస్ బ్యాండు నుంచి వచ్చిన మార్క్ పికెరెల్‌తో కలిసి ట్రూలీ అనే బ్యాండులో వాయించాడు, వాళ్ళ పెద్ద ఆల్బమ్ 1995లో వచ్చింది. రెండూ కావాలనుకున్నాడు, రెండూ చేశాడు. నాకు ఆ వయసులో అలా ఒక దారి ఉంటుందని తోచనే లేదు, చెప్పినవాళ్ళూ లేరు.

స్మోకీ పాయింట్ దగ్గర ఆగి పులిహోర తిన్నాం. స్కాజిట్ లోయలో తులిప్ తోటలు చూడ్డానికి వచ్చిన కార్ల వల్ల ట్రాఫిక్ మెల్లగా కదిలింది. కారులో లౌడర్ దాన్ లవ్ పెట్టి, గిటార్లు వదిలేసి బేస్ ఒక్కటే పట్టుకుని వినమన్నాను. రెండో పాట అయ్యేసరికి వాడి బొటనవేలు తొడ మీద తాళం వేస్తోంది.

బెల్లింగ్‌హామ్‌లో ఆయన చదివిన ఆ యూనివర్సిటీ కొండవాలు మీద ఉంది. కెమిస్ట్రీ భవనం చుట్టూ ఒకసారి తిరిగాం. అద్దాల వెనక తెల్ల కోట్లు వేసుకున్న పిల్లలు, గోడకి పరీక్షల టైమ్‌టేబుల్, ఒక తలుపు పక్కన ఎవరిదో తడిసిన గొడుగు. హిరో గుర్తుగా ఏదీ నా కంటపడలేదు, ఉంటుందని నేను అనుకోనూ లేదు.

ఆ పక్కనే రెడ్ స్క్వేర్, ఎర్ర ఇటుకలు పరిచిన పెద్ద ఆవరణ. అందులో జపాన్ మూలాలున్న అమెరికన్ శిల్పి ఇసాము నొగుచి 1969లో చేసిన శిల్పం ఉంది. నల్లటి పెద్ద లోహపు ఘనం, మూల మీద వాలినట్టు నిలబెట్టి ముఖాలకి గుండ్రటి కన్నాలు పెట్టారు. కిందికి వెళ్ళి తలెత్తితే ఆ కన్నాల్లోంచి ఆకాశం కనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో, జపాన్ మూలాలున్న లక్షా ఇరవై వేల మందిని, అందులో ఎక్కువ మంది అమెరికా పౌరులే, ప్రభుత్వం నిర్బంధ శిబిరాల్లో పెట్టినప్పుడు, న్యూయార్క్ నివాసి అయిన నొగుచి తనంతట తాను అరిజోనా శిబిరానికి వెళ్ళాడు. హిరో అమ్మానాన్నలు కూడా ఆ శిబిరాల్లో ఉన్నవాళ్ళే. నవంబరులో హాల్ ఆఫ్ ఫేమ్ వేదిక మీద ఆయన ఆ సంగతి మాట్లాడాడు. తనకంటూ దొరికిన ఆ కాస్త సమయం అమ్మానాన్నల కోసం వాడుకున్నాడు, నాకు చాలా గౌరవం కలిగింది.

మావాడు నా పక్కనే నిలబడి పైకి చూస్తూ, "హిరో రోజూ దీని పక్కనుంచే క్లాసుకి వెళ్ళుంటాడా?" అని అడిగాడు. వెళ్ళుంటాడనే అన్నాను. చినుకులు మొదలై కన్నంలోంచి మా మొహాల మీద పడ్డాయి. తిరుగు ప్రయాణంలో ట్రూలీ ఆల్బమ్ వాడే వెతికి పెట్టాడు, మౌంట్ వెర్నన్ దాటేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.