నడిచి వచ్చిన గీత

చెట్లు ఉన్నంతవరకు దారి తప్పడం కష్టం. ఎందరో నడిచి అరగదీసిన బాట ఉంటుంది, దాని వెంట పోతే చాలు. చెట్లు అయిపోయాకే అసలు సంగతి. మేం నలుగురం దాటాలనుకున్న కనుమ 4,000 మీటర్ల పైన ఉంది. దాని కింద ఒక పూట నడకంతా బండరాళ్లూ పాత మంచే. బాట అంటూ లేదు. ముందు వెళ్లినవాళ్లు పేర్చిన రాళ్ల గుట్టలే గుర్తులు. ఎండ ఉంటే ఒక గుట్ట దగ్గర నిలబడి తర్వాతి గుట్టను చూడొచ్చు. మబ్బు దిగితే ముందు నడిచేవాడి వీపు కూడా కనబడదు. ఆ ఒక్క పూట కోసమే చేతిలో పట్టుకునే జీపీఎస్ కొన్నాను.

“ఫోన్ ఉందిగా, ఇంకొకటి ఎందుకు?” అని చాలామంది అడిగారు. అడగాల్సిన మాటే. ఆకాశం బాగా కనిపించే చోట మామూలు స్మార్ట్‌ఫోన్ దాదాపు 5 మీటర్ల తేడాలో మనం ఎక్కడున్నామో చెప్పగలదు. సెల్ సిగ్నల్ లేకపోయినా చెబుతుంది. మ్యాప్ ముందే దించి పెట్టుకుంటే ఊళ్లు తిరగడానికి అంతకు మించి అక్కర్లేదు. నేనూ ఊళ్లలో ఫోనే వాడతాను. కొండ మీద కథ వేరు. చలికి ఫోన్ బ్యాటరీ ఇంకా మిగిలి ఉందని చూపిస్తూనే ఆగిపోతుంది. తెర మీద నీటిచుక్కలు పడితే వేలికి పలకదు. మంచు మీద ఎండ కాస్తుంటే తెర మీద ఏమీ కనబడదు. పైగా ఫొటోలకీ, అవసరానికి ఎవరినైనా పిలవడానికీ అదే కావాలి. దారి చూపే పని కూడా దాని మీదే వేయడం నాకు సమ్మతం కాలేదు.

ఏది కొనాలన్నది తేల్చుకోవడానికి మాత్రం చాలా సమయం పట్టింది. ఏ పరికరంలో ఏమేం ఉన్నాయో చెప్పే పట్టికలు చదివి చదివి చివరికి వాటిని పక్కన పెట్టేశాను. గాలి కొడుతోంది, చేతులకు మందపాటి గ్లవ్స్ ఉన్నాయి, మబ్బు దిగింది, బ్యాటరీ అయిపోవచ్చింది. ఆ గంటలో నాకేం కావాలి? ఇదొక్కటే ఆలోచించాను. అప్పుడు ఎంపిక తేలికైంది.

ముందు బటన్లు కావాలి. పెద్ద టచ్ తెర ఇంట్లో కూర్చుని చూస్తే ముచ్చటగానే ఉంటుంది, గ్లవ్స్ వేసుకున్న చేతికి మాత్రం బటనే నమ్మకం. తర్వాత సెల్స్. లోపలే బ్యాటరీ ఉండి చార్జింగ్ పెట్టుకునేవి ఇప్పుడు చాలా గంటలు నడుస్తున్నాయి. అయినా రెండు డబుల్ ఏ సెల్స్‌తో నడిచేదే తీసుకున్నాను. అయిపోతే తీసి వేరేవి వేయడమే, కరెంటు కోసం వెతకక్కర్లేదు. చలికి మామూలు ఆల్కలైన్ సెల్స్ త్వరగా నీరసిస్తాయి. చార్జింగ్ అవసరం లేని లిథియం డబుల్ ఏ సెల్స్ సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా పనిచేస్తాయి. ఏ రకం సెల్స్ వేశామో పరికరం సెట్టింగ్స్‌లో చెప్పాలి, లేకపోతే అది చూపించే మిగులు లెక్క తప్పుతుంది.

మూడోది దిక్సూచి. ఈ విషయం చాలామంది దృష్టికి రాదు. జీపీఎస్ ఒక్కటే ఉన్న పరికరానికి, మనం కదులుతుంటేనే ఎటు పోతున్నామో తెలుస్తుంది. నిలబడిపోతే దిక్కు చెప్పలేదు. లోపల ఎలక్ట్రానిక్ దిక్సూచి ఉంటే నిలబడే తెలుసుకోవచ్చు. గార్మిన్ కంపెనీ పరికరాలు ఈట్రెక్స్ 22ఎక్స్, 32ఎక్స్ పక్కపక్కన పెడితే ముఖ్యమైన తేడా ఇదే: రెండోదానిలో దిక్సూచి, గాలి పీడనంతో ఎత్తు కొలిచే బారోమీటర్ ఉన్నాయి. ఒక్క అడుగు వేయడానికి కూడా భయపడే చోట ఈ తేడాకు ఎంతైనా ఇవ్వొచ్చు. నేను చివరికి అదే కంపెనీ జీపీఎస్‌మ్యాప్ 65ఎస్ తీసుకున్నాను. దిక్సూచీ బారోమీటరూ ఉన్నాయి, ఉపగ్రహాల సంకేతాలను రెండు ఫ్రీక్వెన్సీలలో అందుకుంటుంది, పైకి పొడుచుకొచ్చిన యాంటెన్నా ఉంది. అలాంటి యాంటెన్నా ఉన్నదాన్ని నిలువుగా పట్టుకోవాలి. బ్యాగ్ పట్టీకి నిలువుగా తగిలిస్తే నడుస్తున్నంతసేపూ ఆకాశాన్ని చూస్తూనే ఉంటుంది.

ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరం కూడా తీసుకుందామని మాలో ఒకరు అన్నారు. మంచి ఆలోచనే, కానీ వెళ్లే దేశపు చట్టం ముందు చూసుకోవాలి. ఉదాహరణకు భారత్‌లో టెలికాం శాఖ అనుమతి లేకుండా ఉపగ్రహ ఫోన్లూ, సందేశ పరికరాలూ వాడకూడదు. తెలియక తెచ్చుకున్న విదేశీ యాత్రికులను విమానాశ్రయాల్లోనే ఆపేసిన సందర్భాలున్నాయి. మామూలు జీపీఎస్ పరికరం ఉపగ్రహాల సంకేతాలను అందుకోవడమే తప్ప వాటికి ఏమీ పంపదు.

బయల్దేరే ముందు ఇంట్లో చేసిన పని, నా లెక్కలో, యాత్రలో సగం. ఎవరైనా దిద్దగలిగే ప్రపంచ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా తయారైన ఉచిత మ్యాప్‌ను ఎత్తులను చూపే కాంటూర్ గీతలతో సహా పరికరంలో వేశాను. కనుమ, నీళ్లు దొరికే చోట్లు, గుడారం వేసే చోట్లు, వాగు దాటే చోటు పరికరంలో గుర్తు పెట్టుకునే చోట్లుగా (వేపాయింట్లుగా) పెట్టాను. వీటిలో కొన్నిటి అక్షాంశ రేఖాంశాల అంకెలు ఇంతకుముందు వెళ్లొచ్చినవాళ్ల రాతప్రతి నుంచి తీసుకున్నవి. మ్యాప్ మీద వేసి చూస్తే ఒక గుడారం చోటు ఏకంగా పక్క లోయలో పడింది. కారణం రాసిన పద్ధతి. ఒకరు డిగ్రీలను దశాంశంలో రాస్తారు, ఇంకొకరు డిగ్రీలూ నిమిషాలూ రాస్తారు. 45.5 డిగ్రీలంటే 45 డిగ్రీల 30 నిమిషాలు. దాన్నే 45 డిగ్రీల 50 నిమిషాలు అనుకుంటే, అక్షాంశంలో ఒక నిమిషం 1,852 మీటర్లు కాబట్టి, 37 కిలోమీటర్ల అవతల తేలతాం. అందుకే బయటినుంచి వచ్చిన ప్రతి అంకెనూ మ్యాప్ మీద వేసి కంటితో చూడందే నమ్మను.

కాగితం మ్యాప్, మామూలు దిక్సూచి కూడా సంచిలో ఉన్నాయి. జీపీఎస్‌లో ఉత్తరాన్ని అసలు ఉత్తరంగా చూపమనాలా, దిక్సూచి సూది చూపే అయస్కాంత ఉత్తరంగా చూపమనాలా అన్నది అందరం ముందే ఒక మాట అనుకున్నాం.

నడక మొదలయ్యే చోట, బయట మైదానంలో పరికరాన్ని ఆన్ చేసి కదలకుండా పెట్టాం. దూరం నుంచి తెచ్చినప్పుడు, చాలాకాలం ఆపేసి ఉంచినప్పుడు దానికి కాస్త సమయం ఇవ్వాలి. భూమికి 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాల్లో కనీసం నాలుగు అందితేగాని మన చోటు, ఎత్తు తేలవు. ఉపగ్రహాలన్నీ ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పే పూర్తి సమాచారం ప్రసారం కావడానికే పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. ఈలోగా పాత యాత్రలో నడిచిన దారిని పరికరం గీతగా దాచుకున్న ట్రాక్‌ను చెరిపేశాను. చెరపకపోతే పాత యాత్ర ఆగిన చోటు నుంచి ఇక్కడిదాకా తెర మీద అడ్డంగా ఒక గీత పడుతుంది.

అడవి హాయిగా గడిచింది. ఇరుకు లోయలో మాత్రం రెండు ఫ్రీక్వెన్సీల విలువ తెలిసింది. నిటారు రాతిగోడల మధ్య సంకేతాలు గోడకు కొట్టుకుని తిరిగి వస్తాయి. ఆ అదనపు దూరం లెక్కలో కలిసి చోటు తప్పు చూపిస్తుంది. మాలో ఒకరి పాత పరికరంలో ట్రాక్ ఏటికి అవతలి గట్టుకు దూకి మళ్లీ ఇవతలికి వచ్చింది, మేం గట్టు మారనేలేదు. నా పరికరంలో గీత అటూ ఇటూ వణికినా గట్టు దాటలేదు. అదే లోయలో మ్యాప్ చూపించిన వంతెన లేదు. రెండు వైపులా దాని రాతి దిమ్మలే మిగిలాయి. బాట ఎగువకు తిరిగి, వెడల్పుగా పారే చోట నీళ్లలో దిగి దాటుతోంది. అక్కడ ఒక వేపాయింట్ పెట్టి సాగాం.

కనుమ కింది మజిలీలో సాయంత్రం ఎత్తు చూసి రాసుకున్నాను. పొద్దున లేచి చూస్తే, గుడారం కదలకపోయినా, 35 మీటర్లు ఎక్కువ చూపించింది. బారోమీటర్ ఉన్నవాళ్లు దీన్ని తప్పక నేర్చుకోవాలి. పీడనం తగ్గితే పరికరం మనం పైకెక్కామనుకుంటుంది. ఆ ఎత్తులో పీడనం ఒక మిల్లీబార్ తగ్గితే సుమారు 12 మీటర్ల తేడా వస్తుంది. అంటే రాత్రికి రాత్రి మూడు మిల్లీబార్లు పడిపోయింది, వాతావరణం చెడబోతోంది. ఎత్తును తనంతట తాను సరిచేసుకునే సెట్టింగ్ వేసి ఉంటే ఈ సంగతి దాగిపోతుంది. అందుకే మజిలీలో దాన్ని ఆపేస్తాను. ఆకాశం మాత్రం ఆ పొద్దున నిర్మలంగా ఉంది. అందరం మాట్లాడుకుని, పది గంటలకల్లా కనుమ చేరకపోతే వెనక్కి తిరగాలని అనుకుని బయల్దేరాం.

ఎక్కేటప్పుడు పరికరం చేసిన పని రెండే: ట్రాక్ గీయడం, నేను నొక్కినప్పుడల్లా గుర్తు పెట్టుకోవడం. బండరాళ్ల మధ్య ఒకే ఒక సందులోంచి మంచు వాలు మీదికి పోవాలి. దాని నోటి దగ్గర ఒక గుర్తు. కుడి పక్కన వాలు ఒక్కసారిగా తెగిపోయే అంచు దగ్గర ఇంకొకటి. కనుమ ఇంకో అరగంటలో ఉందనగా అవతలి నుంచి మబ్బు పొంగుతూ వచ్చి మా మీద పడింది. పది గంటలూ దాటాయి. ఎవరూ వాదించలేదు.

వెనక్కి తిరిగాక ఇంతసేపూ నడిచిన అడుగుజాడలను గాలి పూడ్చేసిందని తెలిసింది. మజిలీని గమ్యంగా పెడితే తెర మీద బాణం నేరుగా ఎడమకు చూపించింది. మాలో పెద్దాయన అది చూసి, “తమ్ముడూ, బాణం ఇటే అంటోంది. తిన్నగా దిగిపోదామా?” అన్నాడు.

“వద్దన్నా. అది గాలిలో గీసిన దారి. మధ్యలో తెగిన అంచు ఉంది. మనం వచ్చిన గీత మీదే పోదాం.”

బాణం దూరాన్నీ దిక్కునూ చెబుతుంది, మధ్యలో ఏముందో దానికి తెలియదు. మనం నడిచి వచ్చిన గీత మాత్రం మన కాళ్లు ఒకసారి నిలిచిన నేల. దాని మీద ప్రతి అడుగూ పరీక్షకు నిలిచింది. చేతి జీపీఎస్‌లో ఇంతకంటే విలువైనది నాకు కనబడలేదు. మ్యాప్ పాతబడుతుంది, ఎవరో ఇచ్చిన ట్రాక్ వేరే ఋతువులో గీసినది కావొచ్చు. నాలుగు గంటల క్రితం మనమే గీసుకున్నది ఆ రోజుకు నిజం.

మబ్బు జీపీఎస్‌కు అడ్డం కాదు. ఆ సంకేతాలు మబ్బులోంచి దూసుకొస్తాయి, వాటికి అడ్డం రాయీ, దట్టమైన తడి ఆకులూ. తెల్లటి శూన్యంలో మాకేమీ కనబడకపోయినా తెర మీద తేడా 3 మీటర్లే అని చూపించింది. తెరను 20 మీటర్ల స్కేలుకు పెంచి ట్రాక్ మీదికి వచ్చాను. పెద్దాయన ముందు నడిచాడు, నేను ఆయన వెనక పరికరం చూస్తూ “కుడికి, ఇంకాస్త, అంతే, నేరుగా” అని చెబుతూ వచ్చాను. ముందు నడిచేవాడు తెర చూడకూడదు, కాళ్ల కింద నేలనే చూడాలి. గీత నుంచి పది మీటర్లు పక్కకు పోతే ఆగి, నిలబడిన చోటే దిక్సూచి చూసుకుని సరిచేసుకున్నాం. తెగిన అంచు గుర్తు తెర మీద ఎడమగా వచ్చి వెనక్కి జరిగిపోయింది. సందు నోటి దగ్గర పెట్టిన గుర్తు మీదికి వచ్చేసరికి రాళ్లు చేతికి తగిలాయి. అక్కడి నుంచి మజిలీ వరకు తేలికే.

మర్నాడంతా మంచు కురిసింది. గుడారంలోనే ఉన్నాం. ఎత్తు అంకె మెల్లగా దిగుతూ వచ్చి, ఆ మర్నాటి వేకువకు మొదటి సాయంత్రం రాసుకున్న దగ్గరికి చేరింది. బయల్దేరి, అదే గీత మీద ఎక్కి, ఎండలో కనుమ దాటాం. అవతలి దిగుడులో జీపీఎస్‌ను ఎవరూ పెద్దగా చూడలేదు. ఆన్‌లో ఉంచి పట్టీకి వదిలేశాను. వేసిన సెల్స్ జత మజిలీలో పడుకునేటప్పుడు ఆపేస్తూ వస్తే చివరిదాకా సరిపోయింది. రెండో జత లోపలి జేబులో ఒంటి వెచ్చదనంలోనే ఉండిపోయింది.

ఇంటికి వచ్చాక ట్రాక్‌ను కంప్యూటర్‌లో వేసి, లోయలో వణికిన చోట్లూ మేం కూర్చున్న చోట్ల ముద్దలుగా పేరుకున్న చుక్కలూ తీసేశాను. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఇలా నడిచినవాళ్లు ఇచ్చిన గీతలతోనూ పెరిగింది. దాన్ని వాడుకున్న నేను నాకు తెలిసింది దానికి ఇవ్వాలి. లేని వంతెనను మ్యాప్‌లోంచి తీసేశాను. ఎగువన నీళ్లు దాటే చోటిదాకా, అవతలి గట్టున మళ్లీ పాత బాటలో కలిసేదాకా కొత్త బాట గీసి, అక్కడ వంతెన లేదనీ నీళ్లలో దిగి దాటాలనీ గుర్తు పెట్టాను.