కాన్పులో బిడ్డకు హాని జరిగితే ముందు కేస్ షీట్ తీసుకోండి

లాయర్‌ని వెతికే ముందే ఆసుపత్రికి రాతపూర్వకంగా అర్జీ పెట్టి, రసీదు తీసుకోండి. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధన చెబుతోంది. డిశ్చార్జి సమ్మరీతో సరిపెట్టుకోవద్దు. పార్టోగ్రాఫ్ (నొప్పులు ఎలా సాగాయో రాసే చార్టు), నర్సుల నోట్స్, ఆప్గార్ స్కోరు (పుట్టగానే బిడ్డ పరిస్థితికి వేసే మార్కులు), ఎన్ఐసీయూ (నవజాత శిశువుల ఐసీయూ) కాగితాలు, సీటీజీ (కడుపులో బిడ్డ గుండె వేగాన్ని, నొప్పులను నమోదు చేసే యంత్రం) పట్టీలు అన్నీ కావాలి. సీటీజీ థర్మల్ కాగితం మీద వస్తుంది, కొన్నాళ్లకు గీతలు వెలిసిపోతాయి. వెంటనే జిరాక్స్ తీయించండి. బిడ్డ గుండె వేగం పడిపోయిన సమయం, సిజేరియన్ నిర్ణయం, పుట్టిన సమయం: ఈ మూడింటి మధ్య ఎంత ఆలస్యం జరిగిందన్న దానిమీదే చాలా కేసులు నిలబడతాయి.

పరిహారం కావాలంటే వినియోగదారుల కమిషనే సరైన దారి. ఆసుపత్రికి కట్టిన మొత్తం 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లో వేయాలి. 5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. బిడ్డకు మెడ నిలవలేదని, నడక రాలేదని తెలిసేసరికే అది కరిగిపోతుంది. ఆలస్యానికి తగిన కారణం చూపితే మన్నించవచ్చు గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోకండి. బిడ్డతోపాటు తల్లిదండ్రులూ పరిహారం కోరవచ్చని సుప్రీంకోర్టు 1998లోనే చెప్పింది. అందరికీ పూర్తి ఉచితంగా వైద్యం చేసే సర్కారు దవాఖానా అయితే వినియోగదారుల చట్టం వర్తించదు, సివిల్ కోర్టుకో హైకోర్టుకో వెళ్లాలి.

మెడికల్ కౌన్సిల్ డాక్టరు రిజిస్ట్రేషన్ మీద చర్య తీసుకోగలదు, డబ్బు ఇప్పించదు. పోలీసు కేసుకు తీవ్ర నిర్లక్ష్యం ఉండాలి, స్వతంత్ర వైద్యుడి అభిప్రాయమూ కావాలి. కోపంతో ముందు స్టేషన్‌కే పరిగెత్తి కమిషన్ గడువు పోగొట్టుకోవద్దు.