పొద్దటి సగం మందు

ఇంట్లో ఎవరికైనా కొలనోస్కోపీ, అంటే పెద్దపేగు లోపలికి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష, రాస్తే నేను మొట్టమొదట చెప్పే మాట ఒక్కటే: పేగులను కడిగే మందును సగం ముందురోజు సాయంత్రం, సగం పరీక్ష నాటి పొద్దున తాగమని డాక్టరు చెప్పి ఉంటే, ఆ పొద్దటి సగాన్ని వదిలిపెట్టకండి.

పరకాల, నర్సంపేట, ములుగు వైపు పల్లెల నుంచి హనుమకొండకు వచ్చేవారికి దారిలో విరేచనం ఆగదేమోనన్న భయం ఉంటుంది కనుక, మందంతా రాత్రే తాగేసి బస్సెక్కుదామనుకుంటారు. ఆ భయం న్యాయమైనదే, ఆడవాళ్లకు మరీను. అయితే మనం నిద్రపోయినా చిన్నపేగు నుంచి పైత్యరసం కలిసిన జిగురు దిగుతూనే ఉంటుంది. అది పెద్దపేగు కుడివైపు గోడలకు పూతలా అంటుకుంటే, ముందుముందు కేన్సరుగా మారగల చదునైన పాలిప్‌లు (పేగు గోడపై పెరిగే కండ బుడిపెలు) దాని కింద కనబడకుండా పోతాయి. పరీక్ష జరిగినా దాని ఫలం సగమే దక్కుతుంది. అందుకే మా బాపును ముందురోజే హనుమకొండలోని మా చెల్లె ఇంటికి తీసుకొచ్చాము.

బాపుకు రాసింది పాలిథిలీన్ గ్లైకాల్ పొడి. అది ఒంటికి పట్టదు; తాగిన నీటిని పేగులోనే పట్టి ఉంచి మలాన్ని కడిగేస్తుంది, అందులోని లవణాలు ఒంట్లోని లవణాల పాళ్లు చెడకుండా చూస్తాయి. కాబట్టి 2 లీటర్ల నీళ్లలో కలపమంటే సరిగ్గా 2 లీటర్లలోనే కలపాలి. ఉప్పుఉప్పగా, కాస్త జారుగా ఉండే ఆ నీళ్లను చెల్లె ఫ్రిజ్‌లో చల్లబరిచి, పావుగంటకొక గ్లాసు చొప్పున అందించింది; వికారం పుట్టినప్పుడు అరగంట ఆపి, మళ్లీ మెల్లగా మొదలుపెట్టింది. పొద్దటి సగాన్ని పరీక్షకు 4 నుంచి 6 గంటల ముందు మొదలుపెట్టి, కనీసం 2 గంటల ముందే ముగించాలి.

తిండి విషయంలో మన వైపు వారికి కష్టమే. జొన్నరొట్టె, ఆకుకూరలు, జామపండు, నువ్వులు వేసిన సకినాలు, పల్లీలు పడే సర్వపిండి, ఇవన్నీ పేగులో పిప్పిని, గింజలను మిగులుస్తాయి కనుక 2, 3 రోజుల ముందే మానేయాలి. తెల్లన్నం, పెరుగు తినవచ్చు. ముందురోజు మాత్రం చాలామందికి వడగట్టిన తేట పానీయాలే చెబుతారు; అందులోనూ ఎర్రరంగు పానీయాలు వద్దు, లోపల నెత్తురులా కనబడతాయి.

ఐరన్ మాత్రలు, షుగరు మందులు, రక్తం పలచబరిచే మందులు వాడేవారు వాటిని సొంతంగా ఆపకుండా, తేదీ ఇచ్చిన రోజునే డాక్టరును అడగాలి. కిడ్నీ జబ్బు ఉంటే తప్పక చెప్పాలి, ఎందుకంటే సోడియం ఫాస్ఫేట్‌తో చేసే పేగు కడిగే మందులు కిడ్నీలను దెబ్బతీయగలవు.

చివరికి లేత పసుపురంగు నీళ్లు మాత్రమే, అడుగు కనిపించేంత తేటగా రావాలి. ఇంకా ముద్దలుగానో గోధుమరంగులోనో వస్తుంటే, లోపలికి తీసుకెళ్లకముందే నర్సుకు ఆ సంగతి చెప్పండి. అవసరమైతే ఇంకొంత మందు తాగించి అదే రోజు పరీక్ష చేసే వీలుంటుంది.