చిత్రంలో మహిళలు

పదకొండున్నరైంది. చిన్నోడు పండుకున్నడు, అత్తమ్మ గోలీలేసుకున్నది, ఆయన టీవీ బంద్ చేసి చాలాసేపైంది. నాకే నిద్ర పడ్తలేదు. పొద్దుగాల పేపర్ల, జిల్లా పేజీల వచ్చిన ఒక ఫొటో కింది మాట దగ్గర్నే మనసు తిరుగుతున్నది.

నిన్న ఆదివారం మా చెరువును బాగుచెయ్యాలని కట్ట మీద మీటింగ్ అయింది, ఆ ఫొటో. పదిహేను మందిమి ఉన్నం అండ్ల. నలుగురు మగవాళ్లు, పదకొండు మంది ఆడవాళ్లం. కింద ఆ నలుగురి పేర్లు ఇంటిపేర్లతోని, హోదాలతోని రాసిన్రు. ఆఖరుకు "చిత్రంలో మహిళలు" అని పెట్టిన్రు. అంతే.

చాయ్ తాగుకుంట చూసినప్పుడు ఏమనిపించలే. బడికి పోయి హాజరు తీసుకుంటుంటే తగిలింది. నలభై మంది పిల్లలను ఒక్కొక్కరిని పేరు పెట్టి పిలుస్తున్న కదా అని. ఇగ పోలే అది.

ఎండాకాలం సంది ఈ చెరువు వెంట తిరిగిందెవరు? గుర్రపుడెక్క ఎక్కడిదాక పాకిందో వారంవారం ఫొటో తీసి గ్రూపుల పెట్టింది మిషన్ కుట్టే చెల్లె. మోరి నీళ్లు కలిసే జాగ పట్టుకున్నది చేపలమ్మే పెద్దమ్మ. "వాన పడకున్నా నాలా పారుతున్నదంటే అవి వాననీళ్లు కావు బిడ్డా" అన్నది. ఆ ఒక్క మాట పట్టుకొనే మేము నాలా వెంబడి నడిచి పైపులు చూసినం. నలుగురు సార్లు ఏం చెయ్యలేదని అంట లేను. దరఖాస్తు రాసిచ్చిన్రు, ఆఫీసు మెట్లెక్కిన్రు. కానీ పేపర్ల చదివితే చెరువుకు వాళ్లొక్కలే ఉన్నట్టున్నది.

ఆయనకు చూపిస్తే, "పేపర్ల పేరు పడితే చెరువు బాగైతదా?" అన్నడు. అప్పుడు జవాబు రాలే. గిన్నెలు తోముతుంటే వచ్చింది. అయితది. పేరున్నోళ్లనే ఆఫీసుకు పిలుస్తరు. పోయినసారి అట్లనే ఇద్దరిని పిలిస్తే వాకింగ్ ట్రాక్, లైట్లు, ఫొటోలు దిగే జాగ అడిగొచ్చిన్రు. మేము అడిగింది మోరి నీళ్లు ఆపుమని, నీళ్లదాక మెట్లు కట్టుమని. సద్దుల బతుకమ్మ నాడు ఏమైందో మాకు తెలుసు. తంగేడు దొరుకుతలేదని పొద్దటి సంది ఊరవతల ప్లాట్లన్ని తిరిగి తెచ్చి, గునుగు పూలకు రంగులద్ది పేర్చిన బతుకమ్మను నీళ్లల్ల వదిలితే ముందుకు పోలే. గుర్రపుడెక్కకు తట్టుకొని అక్కడ్నే నురగల నిలబడ్డది. మా అక్క బిడ్డ పాట ఆపి ముక్కు మూసుకున్నది. వాకింగ్ ట్రాక్ అడిగినాయన ఆనాడు నీళ్ల దగ్గరికి రాలే. ఆయనకెట్ల తెలుస్తది?

పేరంటే ఉత్త ముచ్చట కాదు. 2006 అటవీ హక్కుల చట్టం పోడు పట్టా మీద భార్యాభర్తలు ఇద్దరి పేర్లుండాలె అంటది. ములుగు దిక్కు పనిచేసే మా ఆడబిడ్డ చెప్పింది, "కాయితం మీద తన పేరెక్కడున్నదో అడిగి ఆ అక్షరాలను వేలితోని తడుముకున్నామెను చూసిన వదినా" అని.

అమ్మమ్మ యాదికొస్తున్నది. నెల్లూరు జిల్లా దూబగుంటల రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన కబురు 1992ల ఊరూరికి పాకి, మా నర్సంపేట దిక్కు కూడ వచ్చింది. నాకు ఎనిమిదేండ్లు. అమ్మమ్మ ఊళ్లె బొడ్రాయి కాడ ఆడోళ్లంత జమైన్రు. చేతుల్ల చీపుర్లు, కొంగుల కారప్పొడి. సారా ప్యాకెట్ల సంచి గుంజి, బాట మీద కుమ్మరించి తొక్కిన్రు. పటపట పగిలినయి. అమ్మమ్మ చెప్పుల్లేకుండనే తొక్కింది. ఇంటికొచ్చి కడప కాడ కూసొని నాలుగు చెంబుల నీళ్లతోని కాళ్లు కడుక్కున్నది. కానీ కుచ్చిళ్లకు పట్టిన వాసన పోలే. రాత్రి పక్కల పండుకొని, "తాత వాసన వస్తున్నవే అమ్మమ్మా" అన్న. ఏమనలే. అటు తిరిగి పండుకున్నది. ఇన్నేండ్లకు కూడ ఆ వీపు కండ్ల ముందట్నే ఉన్నది.

1993 అక్టోబరు 1 నుంచి సారా బంద్ అన్నది సర్కారు. ఊళ్లె సభ పెట్టి దండలేసిన్రు. దండలు పడ్డోళ్లల్ల బొడ్రాయి కాడికి వచ్చినోళ్లు ఒక్కలు లేరు. అమ్మమ్మ సభకు వచ్చినోళ్లకు మజ్జిగ పోసింది.

బడిల చిప్కో పాఠం, అదే చెట్లను వాటేసుకొని కొట్టకుండ ఆపిన ఉద్యమం గురించి చెప్పినప్పుడల్ల ఇదే మతికొస్తది. 1974 మార్చి 26న హిమాలయాల్ల రేణి ఊరి మగవాళ్లు పరిహారం పైసల కోసం చమోలీ పోయినప్పుడు చెట్లు కొట్టేటోళ్లు వచ్చిన్రు. గౌరాదేవి ఊరి ఆడవాళ్లను వెంటేసుకపోయి అడ్డం నిలబడ్డది. చిప్కో ఎవరిది అని అడిగితే పిల్లలు సుందర్‌లాల్ బహుగుణ అంటరు. తప్పు కాదు, ఆయన కొండలన్ని కాలినడకన తిరిగిన మనిషి. కానీ చెట్టును వాటేసుకున్న ఆడవాళ్ల ఫొటో చూపిస్తే ఒక్క పేరు చెప్పరు. మేడారం గద్దెల మీద విగ్రహాలు లేవు, వెదురు కర్ర, కుంకుమ భరిణె. సమ్మక్క మొకం ఎవరు చూడకున్నా ఆమె పేరు లక్షల మంది నోట్ల ఉంటది. మాకేమో మొకాలున్నయి, పేర్లు లేవు.

ఇందాక రాసి, లేచి మంచినీళ్లు తాగొచ్చిన. ఒకటి చెప్పకుండ దాటేసిన.

ఆ విలేకరి పిలగాడు ముందుగాల మా దిక్కే వచ్చిండు. "మేడం, మీ పేర్లు చెప్పున్రి" అన్నడు. "మావెందుకు తమ్మీ, సార్ వాళ్లవి రాసుకో" అన్నది నేనే. మైకు ఇయ్యవస్తే కూడ "మీరే మాట్లాడున్రి సార్" అని పక్కకు జరిపిన. రోజూ నలభై మందికి పాఠం చెప్పేదాన్ని, మైకంటే భయం లేదు. మర్యాద అనుకున్న. నా మటుకు నేను చేసుకుంటే చేసుకున్న, పది మంది పేర్లు వద్దనే హక్కు నాకెక్కడిది? మరి పొద్దటి సంది పేపరోళ్లను, సార్లను తిట్టుకుంటున్న.

తప్పు నాదే అనుకొని ఫోన్ పక్కకు పెడ్దామనుకున్న. అప్పుడు పెద్దమ్మ యాదికొచ్చింది. నేను వద్దన్నంక కూడ ఆమె ఆ పిలగాని రెక్క పట్టి ఆపింది. ఇంటిపేరుతోని చెప్పింది. "సక్కగ రాస్కో" అన్నది. ఆ పిలగాడు రాసుకున్నడు, నా కండ్లతోని చూసిన. అయినా పేపర్ల రాలే. అంటే అందరం చెప్పినా రాకపోవునేమో. నా మొహమాటం ఎంత, వాళ్ల అలవాటు ఎంత, నాకు తేలుతలేదు.

వచ్చే వారం ఆఫీసుకు పోయేటోళ్ల పేర్లు పంపుమని గ్రూపుల సాయంత్రం అడిగిన్రు. ఇంతవరకు నలుగురివే పడ్డయి, ఆ నలుగురివే. మా పదకొండు మందివి టైపు చేసుకుంట కూసున్న. నాతోని కలిపి పది అయినయి. పదకొండో కాడ ఆగిన. పన్నెండేండ్ల సంది ఆమె దగ్గర్నే చేపలు కొంటున్న, నిన్న పేరు చెప్తుంటే పక్కనే నిలబడ్డ, అయినా నాకు పెద్దమ్మ అని తప్ప ఏం యాదికొస్తలేదు.

పొద్దుగాల ఆరున్నరకు గంప నెత్తిన పెట్టుకొని మా గల్లీకి వస్తది. అడిగి రాసినంకనే పంపుత.