పై పాలిష్ చూడమని ఎవరు చెప్పారు?

"పై పాలిష్ చూడమని నీకెవరు చెప్పారు?" అన్నాడు మా సూపర్‌వైజర్, అందరి ముందూ. అప్పటికి నేను ఆ సొరుగుల బీరువా మీద చెయ్యి వేశానంతే. బాగుందనీ అనలేదు, బాలేదనీ అనలేదు. ఆయనే వచ్చి పై సొరుగు బయటికి లాగి, బోర్లించి నా ముందు పెట్టి, "ఇది చూడు" అని చక్కా పోయాడు.

డిపెండెంట్ వీసా మీద వచ్చి, వర్క్ పర్మిట్ కోసం కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసి, దొరికిన పనిలో చేరినవాళ్ళకి ఇలాంటి మాట ఎక్కడ గుచ్చుకుంటుందో వేరే చెప్పక్కర్లేదు. అమెరికాలో పాత ఫర్నిచర్ కొని, బాగుచేసి అమ్మే ఒక గోడౌన్‌లో పని నాది. వచ్చిన సామాను చూసి ఏది రిపేరుకి పంపాలో, ఏది ఉన్నదున్నట్టు అమ్మేయాలో షీటులో రాయాలి. మనవాళ్ళకి చెబితే "ఇంత చదువూ చదివి చెక్కలు తడుముతున్నావా" అంటారని చెప్పలేదు.

ఆ సొరుగులో చూడాల్సింది చాలానే ఉంది, కాదనను. ముందు పలక, పక్క పలక కలిసే మూలలో డవ్‌టెయిల్ అతుకు. ఒకదాని పళ్ళు రెండోదాని సందుల్లో దిగి, ఎంత లాగినా ఊడిరాకుండా ఏటవాలుగా కోసినవి. పళ్ళన్నీ ఒకే కొలతలో ఉంటే మెషీన్ పని. ఇందులో ఒకటి సన్నం, ఒకటి లావు. ఉలి పెట్టేముందు గీసుకున్న గీత కూడా చెరగకుండా అలాగే ఉంది. అడుగు పలకకి జిగురు లేదు. గాడిలోకి తోసి, వెనక ఒక్క మేకు కొట్టి వదిలేశారు. అలా వదిలెయ్యడం నేర్చినవాడే పనివాడు. కలప పొడుగు దాదాపు మారదు గానీ, గాలిలో తేమని బట్టి వెడల్పు పెరుగుతుంది, తగ్గుతుంది. చలికాలం హీటరు వేస్తే ఇంట్లో గాలి ఎండిపోతుంది, వేసవిలో మళ్ళీ తేమ. కదలడానికి చోటివ్వకుండా నాలుగువైపులా బిగించిన పలక ఎప్పుడో ఒకప్పుడు పగులుతుంది. తలుపు చట్రంలో పలకని వదులుగా కూర్చోబెట్టేది ఇందుకే. బల్ల పైచెక్కని కింద నుంచి స్క్రూలతో పట్టించేటప్పుడు గుండ్రటి రంధ్రాలు కాకుండా పొడుగు రంధ్రాలు చేసేదీ ఇందుకే.

నాకు మండేదల్లా, పైన చెయ్యి వేసినవాళ్ళకి ఏమీ తెలియదని ఆయన తేల్చేయడం. మనం ఏ వస్తువు కొన్నా తట్టి చూస్తాం, ఎత్తి బరువు చూస్తాం, నునుపు చూస్తాం. షాపువాడు సొరుగు ఊడబీకనివ్వనప్పుడు ఇంకేం చూడాలి? తట్టడం తెలివితక్కువ పనేం కాదు. వెనీర్, అంటే పైన అతికించిన చెక్క పొర, ఎక్కడ లేచిందో కనుక్కోవడానికి ఇక్కడి రిపేరువాళ్ళూ గోటితో తట్టే చూస్తారు. కింద బోలుగా ఉంటే చప్పుడు మారిపోతుంది. నా చెయ్యి అక్కడున్నది ఆ పని మీదే. చెప్పనిస్తేగా!

బరువు దగ్గర మాత్రం మన లెక్క ఇప్పుడు చెల్లదు. టేకు ఘనమీటరుకి సుమారు 650 కిలోలు తూగుతుంది. కలప పీచుని జిగురుతో వత్తి చేసే ఎండీఎఫ్ సాధారణంగా 700 దాటుతుంది. మోసేవాళ్ళ నడుం విరగడం తప్ప ఆ బరువు వల్ల ఒరిగేదేమీ లేదు. నీళ్ళు తగిలితే అంచులు ఉబ్బుతాయి, రెండు మూడుసార్లు ఊడదీస్తే స్క్రూ పట్టు వదిలేస్తుంది. బరువు కన్నా చారల్ని నమ్మడం మేలు. పైచెక్క చారలు పొట్టి అంచు దగ్గర ఆగిపోకుండా, అడ్డంగా కోసిన ఆ అంచులోకి కూడా దిగితే అది అసలు చెక్క. అలాగని వెనీర్ అనగానే మూతి విరవనక్కర్లేదు. రంపంతో కోసిన పాతకాలపు వెనీర్ మందంగా ఉంటుంది, మళ్ళీ పాలిష్ పట్టుకోవచ్చు. ఇప్పటిది కాగితమంత పలచన. ఒక్కసారి గట్టిగా రుద్దితే కింది బోర్డు బయటపడుతుంది.

స్క్రూలు కూడా సాక్ష్యం చెబుతాయి. ప్లస్ గుర్తు తలకాయ ఉన్న ఫిలిప్స్ స్క్రూ వాడకంలోకి వచ్చింది 1930లలో. 1890 నాటిదని చెప్పే బీరువాకి అది కనిపించిందంటే, తర్వాత ఎవరో రిపేరు చేసి ఉండాలి, లేదా ఆ వయసు అబద్ధం అయి ఉండాలి.

వెనక పలక విషయంలో నాకూ ఆయనకీ నిజంగానే వాదన జరిగింది. ముందంతా నిగనిగలాడే వాల్‌నట్, సొరుగు లోపలా వెనకా మామూలు పోప్లర్. నాకు ఒళ్ళు మండింది. గోడవైపు ఉంటుంది కదా అని నాసిరకం వేస్తే అది మోసం కాదా? "కాదు, లెక్క" అన్నాడాయన. కనిపించని చోట ఖరీదైన కలప వృథా చెయ్యకుండా, ఆ డబ్బు అతుకుల మీద పెట్టారట. కొంతవరకు నిజమే. పోప్లర్ తేలిగ్గా కోతకి వస్తుంది, పెద్దగా వంకర పోదు. మరి అదే న్యాయం మనం చేస్తే "చీప్ మెటీరియల్" అనే పేరు ఎందుకొస్తుందో ఆయన చెప్పలేదు.

ఆయన ఒప్పుకోవడానికి ఇష్టపడనిది ఇంకోటుంది. ఇన్ని గుణాలున్న ఆ బీరువాని ఎవరూ కొనలేదు. బ్రౌన్ ఫర్నిచర్ అని ఇక్కడ పిలిచే పాతకాలపు చెక్క సామానుకి గత ఇరవై ఏళ్ళ పైచిలుకులో ధరలు బాగా పడిపోయాయి. ఇంటిల్లిపాదీ మాటిమాటికీ ఇళ్ళు మారే రోజుల్లో, నలుగురు పడితే గానీ కదలని బీరువాని ఎవరు మోస్తారు? పనితనం చూసి వెల కట్టడం పనివాళ్ళ అలవాటు, కొనేవాళ్ళది కాదు. అందంగా ఉందా, మన గదిలో పడుతుందా అని పైపైన చూసి కొనేవాళ్ళే ఆయనకి జీతమిస్తున్నారు, నాకూ ఇస్తున్నారు.

అందుకే షీటులో నేనొక గడి అదనంగా పెట్టాను: విప్పితే మళ్ళీ బిగించొచ్చా? జంతువుల తోలు, ఎముకల నుంచి తీసే పాతకాలపు జిగురు వేడికీ తడికీ మెత్తబడి వదిలేస్తుంది. కాలు విరిగితే విప్పి కొత్తది పెట్టుకోవచ్చు. అదే అతుకులో మధ్యలో ఎవరో ఎపాక్సీ అనే గట్టి రసాయన జిగురు పోసి ఉంటే, విప్పబోతే చెక్కే చీలిపోతుంది. ఎంత గొప్ప డవ్‌టెయిల్ అయినా అక్కడితో సరి. ఆ గడి దండగ అంటాడు పెద్దాయన. రిపేరువాళ్ళు మాత్రం షీటు చేతికి రాగానే ముందు అదే చూస్తున్నారు.